పిల్లల కాలేజీ ఫీజుకు పన్ను రాయితీ: రైతు ఇంట్లో ఎవరికి, ఎంత?

తొలకరి పడిందంటే రైతు ఇంట్లో రెండు ఖర్చులు ఒక్కసారే మీద పడతాయి. ఒకటి విత్తనాలు, ఎరువులు. రెండోది పిల్లల కాలేజీ ఫీజు. మొదటిదానికి ఎరువుల కొట్టులో అరువు పుడుతుంది. రెండోదానికి అరువు లేదు. గడువు తేదీ దాటితే సీటే పోతుందన్న భయం. అందుకే ఎక్కడో ఒకచోట అప్పు తెచ్చి కట్టేస్తాం. ఆ రసీదు బీరువాలో పెట్టి మరిచిపోతాం.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఊళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. "ఫీజు రసీదు ఉంటే ఇన్‌కం టాక్స్ వాళ్లు డబ్బులు వెనక్కి ఇస్తారంట" అని. మండల కేంద్రంలో ఎవరో ఒకరు ఆధార్, పాన్ కార్డు జిరాక్సులు తీసుకుని, కొంత ముట్టజెప్పమని, రిటర్ను వేసి పెడతానంటారు. రైతు సోదరులారా, ఈ మాటలో కొంత నిజం ఉంది, ఎక్కువ అపోహ ఉంది. నిజం ఎంతో, అది మీ ఇంట్లో ఎవరికి వర్తిస్తుందో తెలుసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది. దక్కవలసింది దక్కుతుంది.

అసలు మీరు పన్ను కట్టేవారేనా?

రాయితీ గురించి అడిగే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది. పన్ను కట్టేవాడికే పన్ను మినహాయింపు. కట్టనివాడికి మినహాయించడానికి ఏమీ ఉండదు.

మన దేశంలో వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ప్రభుత్వ ఆదాయపు పన్ను లేదు. సొంత పొలం దున్నినా, కౌలుకు చేసినా పంట మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే. పొలాన్ని సాగుకు కౌలుకిచ్చిన ఆసామికి వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. మిర్చిని కల్లంలో ఎండబెట్టడం, వడ్లు నూర్చడం, పసుపు ఉడకబెట్టడం వంటి, పంటను మార్కెట్టుకు తయారుచేసే మామూలు పనులు చేసినంత మాత్రాన ఆ ఆదాయం స్వభావం మారదు. నర్సరీ మొక్కల ఆదాయాన్నీ 2008 నుంచి చట్టం స్పష్టంగా వ్యవసాయం కిందే లెక్కిస్తోంది.

అయితే పాడి, కోళ్లు, చేపల చెరువుల ఆదాయం పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు. కూలి, కిరాయికి తిప్పే ట్రాక్టరు, కిరాణా కొట్టు, బ్యాంకు డిపాజిట్టు వడ్డీ, జీతం, పింఛను కూడా కాదు. ఇది చదివి రెండు గేదెలు ఉన్నవారు కంగారు పడనక్కర్లేదు. ఖర్చులు పోను పాల మీద మిగిలేది పన్ను పరిమితి దరిదాపుల్లోకి రాదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో వ్యవసాయేతర ఆదాయం 4 లక్షల దాకా పన్నే లేదు. ఆపైన 12 లక్షల దాకా మామూలు ఆదాయం మీద పడే పన్నును రిబేటు రూపంలో తీసేస్తారు.

కాబట్టి ఇంట్లో అందరూ పొలం మీదే బతుకుతున్నారంటే ఆ ఇంట్లో ఫీజు రసీదుకు పన్ను రాయితీ అనే ప్రశ్నే రాదు. అది నష్టం కాదు. కట్టని పన్నుకు రాయితీ లేదు, అంతే. మరి ఈ సంగతి ఎవరికి పనికొస్తుంది? మూడు రకాల ఇళ్లకు. భార్యాభర్తల్లో ఒకరు పొలం చూసుకుంటూ ఇంకొకరు టీచరుగానో, ఆర్టీసీలోనో, మరో చోటో జీతానికి పనిచేసే ఇళ్లు ఒకటి. పెద్ద కొడుకో కూతురో ఉద్యోగంలో చేరి చిన్నవాళ్లను చదివిస్తున్న ఇళ్లు రెండు. చదువు అప్పు తీసుకున్న పిల్లలు రేపు ఉద్యోగంలో చేరబోయే ఇళ్లు మూడు.

మినహాయింపు వేరు, డబ్బు వాపసు వేరు

అమెరికాలో ఉన్న మనవాళ్లు "ఇక్కడ కాలేజీ ఫీజుకు టాక్స్ క్రెడిట్ వస్తుంది" అని చెబుతుంటారు. నిజమే. అక్కడ పన్ను కట్టే తల్లిదండ్రులకు ఒక్కో విద్యార్థికి, డిగ్రీ చదువు మొదటి 4 సంవత్సరాలకు, ఏడాదికి గరిష్ఠంగా 2,500 డాలర్ల దాకా కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గించే పద్ధతి ఉంది. పన్ను తక్కువై క్రెడిట్ మిగిలితే అందులో కొంత భాగం డబ్బుగా చేతికి కూడా ఇస్తారు. ఆదాయం బాగా ఎక్కువున్నవారికి అది ఉండదు.

మన దేశంలో కాలేజీ ఫీజుకు అలాంటి క్రెడిట్ లేదు. ఉన్నది మినహాయింపు. ఫీజుగా కట్టిన సొమ్మును పన్ను వేసే ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదాని మీద పన్ను లెక్కిస్తారు. లక్ష రూపాయల ఫీజు కడితే లక్ష తిరిగి రాదు. 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి 20 వేలు, దాని మీద సెస్సు 800 మిగులుతుంది. 5 శాతం శ్లాబులో ఉన్నవాడికి 5,200 మిగులుతుంది. అసలు పన్నే లేనివాడికి సున్నా. ఊళ్లో తిరిగే మాటకూ చట్టానికీ ఉన్న దూరం ఇదే.

ఫీజు రసీదుతో దక్కేది

1961 ఆదాయపు పన్ను చట్టంలో దీన్ని 80-సి సెక్షను అనేవారు. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్ణయించారు. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. నంబరు కన్నా విషయం గుర్తుపెట్టుకోవడం మేలు. షరతులు ఇవి:

మొదటిది, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఇది వర్తిస్తుంది. దీని సంగతి కింద వివరంగా ఉంది.

రెండోది, ట్యూషన్ ఫీజుకు మాత్రమే. హాస్టలు, మెస్సు, బస్సు, పుస్తకాలు, యూనిఫారాల ఖర్చు లెక్కలోకి రాదు. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషను అసలే రావు. కాలేజీవాళ్లు అన్నీ కలిపి ఒకే మొత్తంగా రసీదు ఇస్తే ట్యూషన్ ఫీజు ఎంతో విడిగా రాసి ఇమ్మని అడగండి.

మూడోది, మన దేశంలో ఉన్న స్కూలు, కాలేజీ, యూనివర్సిటీలో పూర్తికాలపు చదువై ఉండాలి. కోచింగ్ సెంటరుకు కట్టినది పనికిరాదు. విదేశీ కాలేజీకి కట్టినదీ పనికిరాదు.

నాలుగోది, ఒకరికి ఇద్దరు పిల్లల వరకే. తల్లీ తండ్రీ ఇద్దరూ పన్ను కట్టేవారైతే ఎవరు కట్టిన ఫీజును వారు చెరో ఇద్దరికి చూపుకోవచ్చు. ఒకే రసీదును ఇద్దరూ చూపకూడదు.

ఐదోది, ఎల్ఐసీ ప్రీమియం, ప్రావిడెంట్ ఫండు, ఇంటి అప్పు అసలు లాంటివాటితో కలిపి ఏడాదికి మొత్తం లక్షన్నర రూపాయలే పరిమితి. పీఎఫ్, ఎల్ఐసీలతోనే లక్షన్నర నిండిపోయిన ఉద్యోగికి ఫీజు రసీదు వల్ల కొత్తగా ఒరిగేది ఏమీ లేదు.

ఇంకో మాట. మీ చేతి నుంచి కట్టిన దానికే మినహాయింపు. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద కట్టిన భాగాన్ని చూపకూడదు. అన్న తమ్ముడికి కట్టిన ఫీజు కూడా ఇందులోకి రాదు. చట్టంలో ఉన్నది సొంత పిల్లల ఫీజు సంగతే.

చదువు అప్పు వడ్డీ

రెండో మినహాయింపు చదువు కోసం చేసిన అప్పు మీద కట్టే వడ్డీకి. పాత చట్టంలో ఇది 80-ఇ. దీనికి లక్షన్నర పరిమితి లేదు. కట్టిన వడ్డీ ఎంతైతే అంత. కానీ అసలు కింద కట్టినదానికి రాదు. వడ్డీ కట్టడం మొదలైన సంవత్సరంతో కలిపి మొత్తం 8 సంవత్సరాలు, లేదా వడ్డీ పూర్తిగా తీరేదాకా, ఏది ముందైతే అంతవరకు. ఇంటర్ తర్వాతి చదువు ఏదైనా సరే. విదేశాల్లో చదువుకు తీసుకున్న అప్పైనా సరే.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. అప్పు బ్యాంకు నుంచో, గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచో, ఆమోదం పొందిన ధార్మిక సంస్థ నుంచో తీసుకున్నదై ఉండాలి. ఊళ్లో షావుకారు దగ్గర ప్రోనోటు రాసి తెచ్చినదీ, బావమరిది దగ్గర తెచ్చినదీ లెక్కలోకి రావు. బ్యాంకులోనే బంగారం కుదువ పెట్టి పంట రుణం పేరుతో తెచ్చి ఫీజు కట్టినా అది చదువు అప్పు కాదు.

ఇంకొకటి. అప్పు తీసుకున్నవారే, తమ పన్ను పడే ఆదాయంలోంచి వడ్డీ కడితేనే మినహాయింపు. చదువు అప్పులో సాధారణంగా విద్యార్థి, తల్లి లేదా తండ్రి కలిసి సంతకం పెడతారు. తండ్రి రైతు, ఆయనకు పన్ను లేదు. తల్లి ఉద్యోగి అనుకుందాం. అప్పుడు సహరుణగ్రహీతగా తల్లి పేరు ఉంటే, ఆమె కట్టే వడ్డీకి ఆమె మినహాయింపు అడగొచ్చు. తండ్రి పేరే రాసి, తల్లి జీతంలోంచి వడ్డీ కడితే ఎవరికీ రాదు. రేపు అబ్బాయో అమ్మాయో ఉద్యోగంలో చేరి సొంతంగా కడితే వారికి రావాలన్నా అప్పు వారి పేరున ఉండి తీరాలి. కాగితాల మీద సంతకాలు పెట్టే రోజే ఈ ఆలోచన చేయాలి. తర్వాత మార్చడం కుదిరే పని కాదు.

కొత్త విధానం వచ్చాక మారిన లెక్క

2023-24 నుంచి కొత్త పన్ను విధానమే మామూలు విధానమైంది. అడగకపోతే అదే వర్తిస్తుంది. అందులో ఫీజు మినహాయింపు లేదు. చదువు అప్పు వడ్డీ మినహాయింపూ లేదు. వాటికి బదులు పన్ను రేట్లు తగ్గించారు. పాతది కావాలంటే కోరుకోవాలి. జీతగాళ్లు ఏటా ఏది లాభమో చూసుకుని ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారికి ప్రతి ఏడూ అటూ ఇటూ మారే వీలు లేదు.

లెక్క వేసి చూద్దాం. ఒక రైతు భార్య ఉద్యోగి, ఏడాది జీతం 9 లక్షలు. 2025-26 లెక్కన కొత్త విధానంలో జీతగాళ్లకిచ్చే 75 వేల తగ్గింపు పోను 8 లక్షల 25 వేలు. 12 లక్షలు దాటలేదు కాబట్టి రిబేటు వచ్చి పన్ను సున్నా. అదే ఆమె "ఫీజు రసీదు ఉంది కదా" అని పాత విధానం ఎంచుకుంటే? 50 వేల తగ్గింపు, లక్షన్నర ఫీజు మినహాయింపు పోగా 7 లక్షలు. దాని మీద పన్ను 52,500. సెస్సుతో 54,600. ఫీజు రసీదు చూపినందుకు 54 వేలు ఎదురు కట్టాలన్నమాట!

జీతం 15 లక్షలు ఉన్న కొడుకు సంగతి చూద్దాం. కొత్త విధానంలో సెస్సుతో కలిపి పన్ను 97,500. పాత విధానంలో లక్షన్నర మినహాయింపులు, ఆపైన చదువు అప్పు వడ్డీ లక్ష చూపినా పన్ను 1,79,400. ఇక్కడా కొత్తదే నయం.

అంటే పాత విధానం ఎవరికీ పనికిరాదా? ఇంటి అద్దె అలవెన్సు, ఇంటి అప్పు వడ్డీ, చదువు అప్పు వడ్డీ, లక్షన్నర పొదుపు అన్నీ పెద్ద మొత్తాల్లో కలిసొచ్చిన ఎక్కువ జీతగాళ్లకు కొందరికి లాభిస్తుంది. మన ఇళ్లలో అలాంటివారు తక్కువ. కనుక ఎవరి మాటో విని పాత విధానంలోకి దూకకండి. రెండు లెక్కలూ వేయించుకుని, తక్కువ పన్ను వచ్చేది ఎంచుకోండి.

ఉద్యోగి పేరున పొలం కూడా ఉంటే ఒక చిన్న మెలిక ఉంది. జీతం వంటి ఆదాయం పన్ను పరిమితి దాటి, నికర వ్యవసాయ ఆదాయం 5 వేలు మించితే, పంట ఆదాయం మీద పన్ను వేయరు గానీ మిగతా ఆదాయానికి రేటు లెక్కించేటప్పుడు దాన్ని కలుపుతారు. రిటర్నులో పంట ఆదాయం చూపడం అవసరం. 1961 చట్టం కింద వేసే రిటర్నుల్లో, వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటినవారు ఐటీఆర్-1 వేయకూడదు.

అసలు మిగులు వడ్డీలో ఉంది

పన్ను రాయితీ కన్నా రైతుకు పెద్ద మిగులు మరోచోట ఉంది. నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 96 వేలు వడ్డీ. అదే బ్యాంకులో చదువు అప్పు 10 శాతానికి వచ్చిందనుకోండి, 40 వేలు. తేడా 56 వేలు. ఆ 40 వేల వడ్డీ మీద, 20 శాతం శ్లాబులో, పాత విధానంలో ఉన్నవాడికి వచ్చే పన్ను రాయితీ 8,320 రూపాయలు. దేని వెంట పరుగెత్తాలో మీరే చెప్పండి.

4 లక్షల దాకా చదువు అప్పుకు బ్యాంకులు ఆస్తి హామీ అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పట్టాదారు పాసుపుస్తకం తెమ్మంటే ఈ మాట గుర్తుచేయండి. ఏడున్నర లక్షల దాకా అప్పులకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ నిధి ఉంది. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా కంతులు కట్టనక్కర్లేదు. ఆ తర్వాత 15 సంవత్సరాల దాకా గడువు ఇస్తారు.

కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, అర్హత ఉన్న సంస్థలో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులో చేరితే, ఆ విరామ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన ఉన్నత సంస్థల్లో సీటు వచ్చిన పిల్లలకు ఆస్తి హామీ, జామీను లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా అప్పు మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి.

రెండు లెక్కలు కలపకండి

పంట ఆదాయానికి పన్ను లేదు కాబట్టి "నాకు ఆదాయం లేదు" అని రాయించుకునేవారున్నారు. అది పొరపాటు. పన్ను చట్టం వేరు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం వేరు. ఫీజు రీయింబర్స్‌మెంటుకూ, వడ్డీ రాయితీకీ చూసేది అన్ని వైపుల నుంచి వచ్చే కుటుంబ ఆదాయం. అందులో పంట ఆదాయమూ ఉంటుంది. పన్ను రిటర్నులో ఒక అంకె, ధ్రువపత్రంలో పొంతన లేని ఇంకో అంకె ఉంటే రేపు పిల్లల స్కాలర్‌షిప్పుకే అడ్డం వస్తుంది. ఇక చదువు కోసం వచ్చిన స్కాలర్‌షిప్పు మీద పన్ను లేదు. ఆ భయం అక్కర్లేదు.

పొలం అమ్మి ఫీజు కడుతున్నారా?

ఇది అందరికన్నా జాగ్రత్తగా చదవవలసినవారు ఊరి పొలిమేర పట్టణానికి తగిలినవారు. మారుమూల పల్లెలో సాగు భూమి అమ్మితే ఆ లాభం మీద పన్ను లేదు. కానీ మున్సిపాలిటీ హద్దు లోపల ఉన్నా, హద్దుకు దగ్గరగా ఉన్నా పన్ను పడుతుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపైతే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపైతే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఈ దూరం రోడ్డు వెంట కాదు, సూటిగా గీత గీసినట్టు కొలుస్తారు.

ఇలాంటి భూమి అమ్మిన సొమ్ము మొత్తం ఫీజుకే కట్టానన్నా మినహాయింపు రాదు. 12 లక్షల రిబేటు ఈ లాభానికి వర్తించదు. రెండేళ్లుగా సాగులో ఉన్న భూమి అమ్మి, అమ్మిన రెండేళ్లలోపు వేరే సాగు భూమి కొంటే ఆ మేరకు పన్ను మినహాయింపు ఉంది. అందుకని అగ్రిమెంటు రాసుకునే ముందే ఆడిటరును ఒకసారి కలవండి. ఎకరం అమ్మేశాక తెలిస్తే, ఫీజుకు పోగా మిగిలింది పన్నుకు పోతుంది.

దాచిన డబ్బు, బంధువుల సాయం

ఫీజు కోసం బ్యాంకులో వేసిన డిపాజిట్టు మీద ఏడాది వడ్డీ 50 వేలు దాటితే (60 ఏళ్లు నిండినవారికి లక్ష) బ్యాంకు 10 శాతం పన్ను పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న పరిమితి ఇది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీకు పన్ను పడే ఆదాయం లేకపోతే ఏడాది మొదట్లోనే బ్యాంకులో డిక్లరేషను ఇవ్వండి. ఇన్నాళ్లూ 15-జి ఫారం అని పిలిచింది అదే. అప్పటికే పట్టుకుని ఉంటే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. నిజంగా డబ్బు వెనక్కి వచ్చే సందర్భం ఇదొక్కటే, అదీ మీ డబ్బే.

మేనమామో బాబాయో ఫీజుకు సాయం చేస్తే ఎంత మొత్తమైనా పన్ను లేదు. చట్టం ప్రకారం వారు దగ్గరి బంధువులు. కానీ పెదనాన్న కొడుకు మనకు అన్నే అయినా చట్టానికి కాదు. అలాంటివారి నుంచి ఏడాదిలో ఉచితంగా వచ్చింది 50 వేలు దాటితే అది ఆదాయంగా లెక్కలోకి వస్తుంది.

ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేస్తే చాలు. అమ్మాయి పదో తరగతి పాసయ్యాకో, 18 ఏళ్లు నిండాకో పైచదువుకు నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. ఏ పన్ను విధానంలో ఉన్నా ఆ వడ్డీ మీద పన్ను లేదు. చిన్న రైతుకు ఇంతకన్నా నికరమైన పన్ను రాయితీ కనపడదు.

మధ్యవర్తులతో జాగ్రత్త

"అప్పు రావాలంటే ఆదాయం ఎక్కువ చూపాలి, ఐదారు వందలు పన్ను కట్టేస్తే సరి" అని సలహా ఇచ్చేవారుంటారు. వినకండి. గత అసెస్‌మెంటు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారి కుటుంబానికి పీఎం కిసాన్ వర్తించదు. లేని ఆదాయానికి ఐదు వందల పన్ను కట్టి ఏడాదికి 6 వేలు పోగొట్టుకోవడం ఎంత అమాయకత్వం! పన్ను పడకుండా ఉన్నది ఉన్నట్టు రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. ఈ తేడా తెలుసుకోండి.

ఇంకొందరు ఉద్యోగం చేస్తున్న పిల్లలకు వల వేస్తారు. లేని చదువు అప్పు, కట్టని విరాళం చూపించి రిఫండు తెప్పిస్తామని, అందులో వాటా ఇమ్మని అంటారు. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి మధ్యవర్తుల మీద దేశమంతటా తనిఖీలు జరిపింది. దొంగ క్లెయిముల్లో చదువు అప్పు వడ్డీ పేరూ ఉంది. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుతోపాటు వడ్డీ, దాని మీద 200 శాతం దాకా జరిమానా. వాటా తీసుకున్నవాడు దొరకడు. నోటీసు వచ్చేది పాన్ కార్డు ఎవరిదో వారికే.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నాకు రెండెకరాలు మాగాణి. వేరే ఆదాయం లేదు. అబ్బాయి ఇంజనీరింగు. నేను రిటర్ను వేయాలా?
జవాబు: అక్కర్లేదు. పట్టుకున్న టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవాలంటే మాత్రం వేయాలి.

ప్రశ్న: కాలేజీవాళ్లు ఫీజు నగదుగా కట్టమంటున్నారు. కట్టొచ్చా?
జవాబు: ఒక్క రోజులో గానీ ఒకే లావాదేవీకి గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. జరిమానా తీసుకున్నవారికే అయినా, మీరు బ్యాంకు ద్వారానే కట్టండి. రేపు రుజువు కావలసింది మీకే.

ప్రశ్న: అప్పు మీద వడ్డీ ప్రభుత్వమే కట్టింది. అబ్బాయి మినహాయింపు అడగొచ్చా?
జవాబు: లేదు. తాను కట్టిన వడ్డీకే అడగాలి.

ప్రశ్న: అమ్మాయిని పైచదువుకు విదేశం పంపుతున్నాం. డబ్బు పంపితే పన్ను పట్టుకుంటారంట?
జవాబు: బ్యాంకు వంటి ఆర్థిక సంస్థలో తీసుకున్న చదువు అప్పుతో పంపితే 2025 ఏప్రిల్ నుంచి పట్టుకోవడం లేదు. సొంత డబ్బైతే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద పట్టుకుంటారు. అది తర్వాత రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

దాచవలసిన కాగితాలు

ఒక పాత సంచీ తీసుకుని అందులో ఇవి పెట్టండి: ట్యూషన్ ఫీజు విడిగా చూపిన రసీదులు, బ్యాంకు అప్పు మంజూరు పత్రం, ఏటా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్టు, యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు, కౌలు కాగితం, పాసుపుస్తకం నకలు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో లింకు చేసిన పాన్. తక్‌పట్టీలు దేనికంటారా? బ్యాంకు మీ ఆదాయం ఎంతని అడిగినా, పన్ను శాఖ ఖాతాలో పడ్డ సొమ్ము ఎక్కడిదని అడిగినా, అది పంట డబ్బేనని చెప్పే సాక్షి అదొక్కటే. మిర్చి అమ్మిన రోజు జేబులో పెట్టుకుని, చొక్కాతోపాటు ఉతికేసే కాగితం కాదది.

పిల్లల చదువుకు రైతు పెట్టే పెట్టుబడికి పన్ను చట్టం ఇచ్చే చేయూత చిన్నది. అది కూడా ఇంట్లో జీతగాడు ఉంటేనే. తక్కువ వడ్డీ అప్పు, వడ్డీ రాయితీ, సరైన ధ్రువపత్రం, సరైన పేరున సంతకం, ఇవే ఎక్కువ మిగిల్చేవి. ఈ ఏడాది ఫీజు కట్టే ముందు ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చుని, అప్పు ఎవరి పేరున, ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోండి. ఆ తర్వాతే బ్యాంకు మెట్లు ఎక్కండి.